గొళ్లెం కొట్టి నిలబడే ఆవిడ

...ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకండి, ఈ కథ చెప్తానని మాటిచ్చి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు, మొదలుపెట్టినప్పుడల్లా ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఇవాళ పొయ్యి మీద పప్పు పెట్టేసి మరీ కూర్చున్నాను. పిల్లల్ని కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి. కాస్త భయం వేస్తుంది, వెయ్యనివ్వండి. చివరిదాకా వింటే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో వాళ్లకే తెలుస్తుంది.

బొబ్బిలికి అవతల ఓ చిన్న ఊళ్లో దాలినాయుడని ఒకతను ఉండేవాడు, పనిలో మంచి నేర్పరే గానీ, చేతిలో డబ్బు లేదన్న మాట మాత్రం పెళ్లాం ముందు నోరు తెరిచి చెప్పలేకపోయేవాడు. రైతుల మోటార్లు కాలిపోతే రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేసేవాడు. బస్టాండు పక్కన చిన్న షాపు. భార్య పైడితల్లి. ఒక్కతే కూతురు ఝాన్సీ, రెండో క్లాసు. ఇల్లు సొంతమే, పాతకాలం పెంకుటిల్లు, వీధి తలుపుకి బయట ఇనప గొళ్లెం. ఆ గొళ్లెం సంగతి గుర్తుపెట్టుకోండి.

పార్వతీపురంలో పైడితల్లి తమ్ముడు కొత్తిల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వీళ్లూ వెళ్లారు. భోజనాల ముందు చదివింపులు మొదలయ్యాయి. ఎవరేం ఇచ్చారో మైకులో చెప్తారు కదా, అలా. దాలినాయుడు తీసుకెళ్లింది గోడగడియారం. బాగానే ఉంది, రంగు కాగితం చుట్టించాడు కూడా. ఈలోగా అతని తోడల్లుడి పేరు పిలిచారు. వాషింగ్ మెషీన్ అని మైకు ఊరంతా వినబడేలా చెప్పింది. జనం ఆహా అన్నారు. తర్వాత పేరు దాలినాయుడిదే. అతను గడియారాన్ని కుర్చీ కిందకి కాలితో తోసేసి, లేచి నిలబడి, ఫ్రిజ్జు, రేపొద్దున్న షాపువాళ్లు తెచ్చి దింపుతారు అన్నాడు. అందరూ తలలు తిప్పి చూశారు. పైడితల్లి కూడా చూసింది. ఆ చూపు చూసి అతని గుండె ఉప్పొంగిపోయింది. మెచ్చుకుంటోందనుకున్నాడు.

ఫ్రిజ్జుకి డబ్బు సింహాచలమ్మ దగ్గర తెచ్చాడు. ఆవిడ పాత మిల్లు వీధిలో అరుగు మీద కూర్చుని వడ్డీకి తిప్పేది. కాగితం లేదు, సంతకం లేదు, అంతా నోటి మాటే. చేతికి లావుపాటి వెండి కడియం ఉండేది. వడ్డీ వసూలుకి మాత్రం తనే ఇంటింటికీ తిరిగేది, గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకేసేది. ఆ కేకంటే ఊరంతా హడల్.

"మా ఇంట్లో తెలీకూడదు పిన్నీ," అన్నాడు దాలినాయుడు.

ఆవిడ చేతి కడియం పైకి తోసుకుంది. "సరే నాయుడూ. నీ ఇంటి ముందు నోరెత్తను. గొళ్లెం కొట్టి నిలబడతాను. నువ్వు బయటికొచ్చి నా చేతిలో పెట్టెయ్యి. నేను మాట మీద ఉంటాను, నువ్వూ ఉండు," అంది.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. సందెవేళ గొళ్లెం టక్కుమనేది. కడియం ఇనుముకి తగిలిన చప్పుడు. దాలినాయుడు బీడీ కాల్చుకొస్తానని బయటికెళ్లి, వడ్డీ చేతిలో పెట్టి వచ్చేసేవాడు. పైడితల్లి వంటింట్లో ఉండేది, ఆ చప్పుడే పట్టించుకునేది కాదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. చెరువులూ బావులూ నిండిపోయాయి. నీళ్లు తోడే పని లేకపోతే మోటార్లెందుకు కాలతాయి? షాపులో ఈగలు తోలుకోవడమే అయింది. చేతిలో వడ్డీ లేదు. గొళ్లెం చప్పుడైతే దాలినాయుడు కదలడం మానేశాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అతను లేవకపోయేసరికి ఆ చప్పుడు పైడితల్లి చెవిన పడింది. ఎవరూ అని వంటింట్లోంచే అడిగింది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. లేదు. తలుపు సందులోంచి చూస్తే తెల్లటి చీర అంచొకటి, కదలకుండా.  మన ఊళ్లలో ఎవరైనా గుమ్మంలోకొస్తే ముందు ఓ పిలుపు పిలుస్తారు. ఏమమ్మా ఉన్నావా అనో, పిల్ల పేరు పెట్టో. పిలవకుండా గొళ్లెం కొట్టి ఊరుకునే మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైగా వీధిలో నల్లకుక్కొకటి ఉండేది, సైకిల్ బెల్లు మోగినా మొరిగేది. ఇది వచ్చినప్పుడు మాత్రం కిక్కురుమనేది కాదు.

"ఏటి మావా అది?" అని అడిగింది మొగుణ్ని. "మనిషైతే పిలవదా?"

దాలినాయుడు అక్కడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మైకు దగ్గర నిలబడినప్పటి ఆ చూపు గుర్తొచ్చింది. అదిప్పుడు ఎలా మారిపోతుందో ఊహించుకున్నాడు. గొంతు తగ్గించి, "పిలవదు మరి. తలుపు మాత్రం తియ్యకు," అన్నాడు.

ఒక్క మాట. అబద్ధం కూడా కాదు చూస్తే. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లోకి దెయ్యం వచ్చేసింది.

అలాంటివి తిరుగుతుంటే తలుపు మీద రేపు రా అని రాస్తారు, మీకు తెలుసు. చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడొస్తే మళ్లీ అదే రాత, మళ్లీ వెళ్లిపోతుందట. పైడితల్లి ఎర్రమట్టి కలిపి ఇచ్చింది. దాలినాయుడు తన చేత్తోనే తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. రాస్తుంటే లోపల కొంచెం నవ్వొచ్చింది కూడా. అప్పులావిడకి చెప్పాల్సిన మాట తలుపే చెప్తుంది, తను ముఖం చూపించక్కర్లేదు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. రాతకి ముందు ఆ చప్పుడు వారంలో ఒకటో రెండో సార్లు వచ్చేది. రాసిన కొద్దిరోజులకి రోజూ రావడం మొదలుపెట్టింది. ఒక్క సందె కూడా తప్పకుండా. దాలినాయుడికే అర్థం కాలేదు.

ఇక ఇంటి ఖర్చు తగ్గించాలన్నాడు. బేరాల్లేవు, రోజులు బాలేవు అన్నాడు, అంతకుమించి కారణం చెప్పలేదు. పాలు మానిపించాడు. పిల్లకి కూడా డికాషనే. కూరలో నూనె సగం. గ్యాసు దాచి కట్టెల పొయ్యి. కరెంటు బిల్లు పేరు చెప్పి వీధిగదిలో బల్బు తీయించేశాడు. అసలు సంగతి బిల్లు కాదు, చీకటిగా ఉంటే ఇంట్లో ఎవరూ లేరనుకుంటుందని. మిగిలిన డబ్బు షాపులో పాత మోటారు డొక్కులో దాచేవాడు. అంతా కూడబెట్టి ఒక్కసారే మొహాన కొట్టేస్తే ఎవరికీ తెలియకుండా పోతుందని అతని లెక్క. కానీ వడ్డీ ఆగదు కదా. ఇక్కడ పిల్ల గ్లాసులో పాలు తగ్గుతుంటే, అక్కడ అప్పు పెరుగుతూనే ఉంది. తనవి మాత్రం, బీడీ కట్టలూ, షాపు దగ్గర స్నేహితులకి టీలూ, ఒక్కటీ తగ్గలేదు. తగ్గిస్తే నలుగురికీ అనుమానం వస్తుందట.

ఎలా ఉండేదంటే ఆ ఇల్లు, సందెవేళ వీధి వీధంతా తలుపులు తీసి, గుమ్మాల్లో దీపాలు పెట్టుకుంటే, వీళ్ల తలుపొక్కటే మూసుకుని, నల్లగా, పన్ను ఊడిన చోటులా ఉండేది. లోపల ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. గొళ్లెం టక్కుమనేది. తర్వాత ఏమీ ఉండదు. అడుగుల చప్పుడు లేదు, దగ్గు లేదు. తలుపు కింద సందులో కాస్త వెలుగుండేది, ఆ వెలుగుకి ఏదో అడ్డం నిలబడేది. చాలాసేపటికి అది తొలగిపోయేది.

ఝాన్సీ అంతకుముందు తెగ వాగే పిల్ల. మెల్లగా మాట తగ్గింది. పెరట్లో బాత్రూముకి వెళ్లాలంటే భయం, అందుకని సాయంత్రం నీళ్లు తాగడం మానేసింది. పెదవులు ఎండిపోయాయి, బుగ్గలు లోపలికి పోయాయి. దిష్టి తగిలిందని పైడితల్లి ఉప్పు తిప్పి పోసింది. దాలినాయుడు చూస్తూ ఊరుకున్నాడు. ఆ పిల్లని ఏది తినేస్తోందో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

ఓ రోజు సందెవేళ పిల్ల మంచం మీద కనబడలేదు. వెతుక్కుంటూ వీధిగదిలోకొచ్చాడు. చీకట్లో తలుపుకి బుగ్గ ఆనించి నిలబడి ఉంది. అవతల నుంచి గొళ్లెం మోగింది. పిల్ల ఏమాత్రం బెదరలేదు. తలుపుతో గుసగుసగా అంది.

"మా నాన్న ఇంట్లో లేడు. రేపు రా."

అచ్చం అతని గొంతే. షాపులో ఫోన్లో రాగితీగ బాకీవాళ్లకి చెప్పే ఆ మెత్తటి తీరే. ఎవరు నేర్పారు దానికి? సెలవుల్లో షాపుకొచ్చి ఓ మూల కూర్చుని వింటూ ఉండేది, అంతే. సందులో నీడ కదిలి వెళ్లిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి, వెళ్లిపోయింది నాన్నా, నువ్వు పడుకో అంది. 

మర్నాడు ఉన్న డబ్బంతా డొక్కులోంచి తీసి జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం పాత మిల్లు వీధికి వెళ్లాడు. కాళ్లో వేళ్లో పట్టుకుని, ఇంటికి రావద్దని బతిమాలుకుందామని. సింహాచలమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద ఆవిడ లేదు. ఆవిడ కూర్చునే చోట, గోడకి, ఆవిడ ఫోటో. ఫోటోకి దండ.

పక్కింటి ముసలాయన చెప్పాడు. నూతి దగ్గర కాలు జారి పడిందట, మంచాన ఒక్క పూటేనట. ఇవాళ్టికి నెల మాసికం. కొడుకూ కోడలూ అందరూ నాగావళి ఒడ్డుకి వెళ్లారు, రాత్రి పొద్దుపోయాక గానీ రారు అన్నాడు.

దాలినాయుడు ఆ వీధి దాటేదాకా ఏమీ ఆలోచించలేకపోయాడు. దాటాక ముందుగా కలిగింది ఏమిటో చెప్పనా? సంతోషం. కాగితం లేదు. సాక్షి లేడు. ఆవిడతోపాటే అప్పూ పోయింది. జేబులో డబ్బు జేబులోనే ఉంది. ఓ పాల ప్యాకెట్టు కొన్నాడు, కొత్త బల్బు కొన్నాడు, పిల్లకి జిలేబీ కట్టించుకున్నాడు. బస్టాండు దాటాక గానీ రెండో ఆలోచన రాలేదు. ఆవిడ పోయి నెలయింది. మరి నిన్న సందెవేళ గొళ్లెం కొట్టిందెవరు? మొన్న?

అక్కడే ఆగిపోయాడు. జిలేబీ పొట్లం చేతిలో తడితడిగా అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బల్బు బిగించడానికి స్టూలెక్కాడు గానీ హోల్డరులో కుదరలేదు. పైడితల్లి పాలు చూసి ఏటి మావా విశేషం అంది. అతను బల్బునే తిప్పుతూ ఉండిపోయాడు. వీధిలో నల్లకుక్క ఒక్కసారి సన్నగా మూలిగి, ఎదురింటి అరుగు కిందకి దూరిపోయింది. ఇన్నాళ్లలో అది అలా ఎప్పుడూ చెయ్యలేదు.

గొళ్లెం టక్కుమంది.

అదే చప్పుడు. కడియం ఇనుముకి తగిలిన చప్పుడు. దాలినాయుడు స్టూలు మీదే బిగుసుకుపోయాడు. సందులో వెలుగుకి ఏదీ అడ్డం రాలేదు. ఆ రోజు నీడే లేదు. చప్పుడొక్కటే, ఉండి ఉండి, చీకటి పడేదాకా.

తెల్లారేసరికి ఝాన్సీకి ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు చూసి, ఒంట్లో నీరు లేదు, రక్తం లేదు, పిల్లకి ఏం పెడుతున్నారమ్మా అని పైడితల్లినే అడిగాడు. ఆవిడ తల దించుకుంది. దాలినాయుడు కూడా దించుకున్నాడు. మందులు రాసి, ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ లోపలి గదిలో ఉన్నారు. పిల్ల కళ్లు మూసుకుని పడుకుంది. సందెవేళ అయింది. గొళ్లెం మోగింది.

పిల్ల కళ్లు తెరిచింది. దుప్పటి తీసేసి, గోడ పట్టుకుని, లేచి నిలబడింది. ఎక్కడికే అని తల్లి పట్టుకోబోయింది.

"నేను చెప్పాలమ్మా. నాన్న ఇంట్లో లేడని నేను చెప్తేనే ఎల్తాది."

దాలినాయుడు పిల్లని రెండు చేతులా పట్టుకుని ఎత్తుకున్నాడు. నిప్పులా ఉంది. ఆ వేడి అతని మెడకి తగిలింది. అవతల చావు నిలబడి ఉందో ఏం నిలబడి ఉందో అతనికి తెలీదు. ఇవతల ఈ పిల్ల తన అబద్ధాన్ని మోసుకుని గుమ్మందాకా వెళ్తోంది. అదొక్కటే తెలుసు.

"నాన్న ఇంట్లోనే ఉన్నాడమ్మా," అన్నాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "అది దెయ్యం కాదు పైడీ. నా అప్పు."

అంతా చెప్పేశాడు. ఫ్రిజ్జు, సింహాచలమ్మ, పిలవకూడదన్న ఒప్పందం, డొక్కులో డబ్బు. ఆవిడ చచ్చిపోయి నెలైందని కూడా చెప్పాడు. గొళ్లెం మళ్లీ మోగింది. పైడితల్లి ఏడవలేదు, అరవలేదు. 

"ఆ రోజు మైకు దగ్గర నేనెందుకు చూశాననుకున్నావు? ఇంత డబ్బు ఈ మనిషికి ఎక్కడిదా అని చూశాను. గడియారం చాలు మావా మనకి," అంది. లేచి చీర కొంగు దోపుకుంది. "దెయ్యమైతే భయపడాలి. అప్పైతే తలుపు తియ్యాలి. ముందు ఆ బల్బు బిగించు."

బిగించాడు. ఈసారి కుదిరింది. వీధిగది ఇన్నాళ్లకి వెలిగింది. పైడితల్లి గడియ తీసి తలుపు బార్లా తెరిచింది.

గుమ్మంలో వెలిసిపోయి తెల్లబడ్డ చీరలో ఒకావిడ. చేతికి లావుపాటి వెండి కడియం. దాలినాయుడు ఓ అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ వెలుగులోకి ముఖం ఎత్తింది. వయసులో ఉన్న ముఖం, అలసిపోయి ఉంది. పక్కన నల్లకుక్క తోక ఊపుతోంది.

"నేను సింహాచలమ్మ గారి కోడల్ని వదినా," అంది ఆవిడ. "నా పేరు ఆదిలక్ష్మి. అత్త పోయే ముందు ఎవరెవరు ఎంతివ్వాలో చెప్పింది. ఈ ఇంటి దగ్గర మాత్రం నోరెత్తకు, గొళ్లెం కొట్టి నిలబడు, మాటిచ్చాను అంది. అలాగే నిలబడ్డాను. మీరు రేపు రమ్మని రాశారు. అత్తకి చదువు రాదు, నాకొచ్చు. సరేనని రోజూ మర్నాడు వచ్చాను. ఎన్నిసార్లు తిప్పుతారమ్మా? ఈ కుక్కకి అత్త బిస్కట్టు వేసేదట, నేనూ వేస్తున్నాను. అదొక్కటే మీ వీధిలో నన్ను చూసి సంతోషపడేది."

అది విని పైడితల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిణ్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. పాలు కాచింది, ముందు పిల్లకి ఇచ్చింది. పిల్ల గ్లాసెత్తి గటగటా తాగి, గ్లాసు మీదుగా ఆవిడ కాళ్లనే చూసింది. వెనక్కి తిరిగి లేవు. మామూలు కాళ్లే, హవాయి చెప్పులే.

ఆ వెలుగులోనే మాటలయ్యాయి. చేతిలో ఉన్నది ఇచ్చేశారు. మిగతాది నెల నెలా కడతామని, ఇప్పటివరకు పేరుకున్న వడ్డీలో సగం వదులుకోమని పైడితల్లి అడిగింది. గట్టిగానే అడిగింది. రోజూ తిరిగి తిరిగి విసిగిపోయింది కాబట్టి ఆదిలక్ష్మీ ఒప్పుకుంది. తర్వాత ఖర్చులు పైడితల్లే తగ్గించింది. బీడీలు పోయాయి, స్నేహితుల టీలు పోయాయి, కేబుల్ పోయింది. వానలు తగ్గేదాకా దాలినాయుడు ఫ్యాన్లూ మిక్సీలూ కూడా బాగుచేసిపెట్టాడు. పాలు మాత్రం పోలేదు, వీధి బల్బు పోలేదు. తమ్ముడికి కూడా తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతనేమో, అక్కా, మాకు అప్పటికే ఫ్రిజ్జుంది, బావ ఏమనుకుంటాడోనని చెప్పలేదు, అది మేడ మీద అట్టపెట్టెలోనే ఉంది అన్నాడు. అమ్మితే సగం అప్పు తీరింది. మిగతాది మళ్లీ కోతలయ్యేసరికి తీరిపోయింది. ఝాన్సీ బుగ్గలు వచ్చాయి, వాగుడూ వచ్చింది.

అంతా తేలిపోయింది అనుకుంటున్నారు కదూ? ఒక్కటి తేలలేదు. ఆ మొదటి రోజే, ఆదిలక్ష్మి వెళ్తూ వెళ్తూ గుమ్మం దాటుతుంటే దాలినాయుడు అడిగాడు. నిన్న మరీ చీకటి పడేదాకా కొట్టావేం చెల్లీ, ఇంట్లో పిల్లకి బాగాలేదు అని.

ఆదిలక్ష్మి వెనక్కి తిరిగి అతన్ని వింతగా చూసింది. "నిన్న నేను రాలేదన్నయ్యా. నిన్న అత్తకి మాసికం. రాత్రిదాకా ఏటి ఒడ్డునే ఉన్నాం," అంది. ఇంకేదో అనబోయి, చేతికున్న కడియం వైపు చూసుకుంది. "ఇది కూడా నిన్న నా చేతికి లేదు. ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్లాను."

 పైడితల్లి తడిగుడ్డ తెచ్చి తలుపు మీద రాత తుడిచేసింది. ఎర్రమట్టి కదా, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పొద్దు వాలేటప్పుడు ఏటవాలుగా ఎండ పడితే ఆ అక్షరాలు కనబడతాయట. ఆ తలుపు మాత్రం ఆ తర్వాత ఏ సందెవేళా మూసి లేదు.

కాబట్టి నీతి ఏమిటంటే, ఇంట్లోవాళ్లకి చెప్పకుండా దాచిన అప్పు ఎంత పొదుపు చేసినా తీరదు, ఇంటి దీపం ఆర్పి కాదు, ఇంట్లో గుట్టు విప్పి ఖర్చు తగ్గించుకోవాలి. పిల్లలకి ఇది మళ్లీ ఒకసారి... ఆ? ఏంటత్తయ్యా? ఆ, వస్తున్నా. పిలవకుండా గొళ్లెం కొడుతున్నారా? ఎవ